జీటీఎక్స్ 1650 లాప్‌టాప్, మూడేళ్ల వాడకం తర్వాత: కార్డు సరే, కష్టమంతా డ్రైవర్‌తోనే

గేము బొమ్మలు తయారుచేసే ఈ గ్రాఫిక్స్ కార్డు మీద ఫిర్యాదు లేదు. 4 జీబీ మెమొరీతో 1080పీలో, మీడియం సెట్టింగుల్లో వాలరంట్ లాంటి గేములు ఇప్పటికీ హాయిగా ఆడుకోవచ్చు. మూడేళ్లలో గేము ఓపెన్ కాకుండా సతాయించింది చాలావరకు డ్రైవరే, అంటే విండోస్ కార్డును నడిపించడానికి వాడే సాఫ్ట్‌వేర్. విజయవాడలో షాపుకు తీసుకెళ్తే "ఫార్మాట్ చేసేద్దాం" అనే మాటే ముందు వినిపిస్తుంది. అంతదాకా పోవాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు.

ఇందులో గ్రాఫిక్స్ రెండు. ప్రాసెసర్‌లో ఉండే ఇంటెల్ ఒకటి, విడిగా ఉండే ఎన్విడియా ఇంకొకటి. లాప్‌టాప్ తెర కలిసి ఉండేది ఇంటెల్‌కే. బొమ్మ తయారుచేసేది ఎన్విడియా, దాన్ని అందుకుని తెర మీద పెట్టేది ఇంటెల్. అందుకే ఇంటెల్ డ్రైవర్ చెడినా గేము ఆగుతుంది. ఈ సంగతి తెలియక ఎన్విడియా డ్రైవర్ ఒక్కదాన్నే పదిసార్లు మార్చేవాళ్లు చాలామంది.

ముందు విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవండి. రెండు పేర్లూ కనిపించాలి. "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే అసలు డ్రైవరే లేదని అర్థం. పసుపు గుర్తుతో కోడ్ 43 వస్తే కార్డు ఏదో తప్పు చెప్పిందని విండోస్ దాన్ని ఆపేసింది. డ్రైవర్ శుభ్రంగా మార్చినా అదే కోడ్ తిరిగి వస్తుంటే కార్డునే అనుమానించాలి. రెండూ బాగుండి గేము మాత్రం నత్తనడక నడుస్తుంటే అది ఇంటెల్ మీద నడుస్తోందేమో చూడండి. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి గేము ఫైలును చేర్చి "హై పెర్ఫార్మెన్స్" పెడితే సరిపోతుంది.

నిన్న ఆడిన గేము ఇవాళ లోడింగ్ దగ్గరే మూసుకుపోతే, డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు మీద డబుల్ క్లిక్ చేసి, డ్రైవర్ ట్యాబ్‌లో తేదీ చూడండి. విండోస్ అప్‌డేట్ డ్రైవర్‌ను మార్చి ఉండొచ్చు. పక్కనే ఉన్న "రోల్ బ్యాక్" నొక్కితే పాతది వస్తుంది. ఆ బటన్ పనిచేయకపోతే పాత డ్రైవర్లను పూర్తిగా తుడిచేసే డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్) అనే ఉచిత ప్రోగ్రాం వాడాలి. దాన్నీ, ఇంటెల్, ఎన్విడియా ఇన్‌స్టాలర్లు రెండింటినీ ముందే దించుకుని, వైఫై ఆపండి. లేకపోతే మధ్యలో విండోస్ తన డ్రైవర్‌ను ఎక్కించేస్తుంది. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, విండోస్‌ను కనీస డ్రైవర్లతో నడిపే సేఫ్ మోడ్‌కి వెళ్లేటప్పుడు అడగొచ్చు. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్లి రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కండి. డీడీయూతో రెండింటినీ తీసేసి మామూలుగా బూట్ చేయండి. ముందు ఇంటెల్, తర్వాత ఎన్విడియా. ఎన్విడియాలో "కస్టమ్" ఎంచుకుని "క్లీన్ ఇన్‌స్టాలేషన్"కు టిక్ పెట్టండి. రెండూ అయ్యాకే వైఫై.

వీసీరన్‌టైమ్140 డీఎల్ఎల్ అనే ఫైలు లేదని మెసేజ్ వస్తే డ్రైవర్ జోలికి పోవద్దు. ఆ ఫైలు ఉండే మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీ ఎక్స్86, ఎక్స్64 రెండూ వేస్తే తీరిపోతుంది.

వేడి సంగతి వేరు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు మనది. గేము మొదలవగానే మూసుకుపోతే డ్రైవర్ అనుకోవచ్చు. ఇరవై నిమిషాలు బాగా ఆడి, ఆ తర్వాత ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) జారిపోతుంటే వేడే. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రత కనిపిస్తుంది. అది 80ల్లోనే తిష్ఠ వేస్తే వెనక జాలీల్లో దుమ్ము చూడండి. అడుగు మూత విప్పి, ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తటి బ్రష్‌తో తుడవాలి. ఫ్యాన్‌కూ రాగి రేకులకూ మధ్య దుమ్ము పలచటి దూది పొరలా పేరుకుని ఉంటుంది, గాలిని అడ్డుకునేది అదే.

కరెంటు పోయి బ్యాటరీ మీదకు మారాక ఫ్రేములు సరిగ్గా 30 దగ్గర ఆగితే ఏదో పాడైందని కంగారు పడొద్దు. అది బ్యాటరీ ఆదా చేసే ఎన్విడియా సెట్టింగ్ బ్యాటరీ బూస్ట్ పెట్టిన హద్దు, ఎన్విడియా యాప్‌లో తీసేయొచ్చు.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు మాత్రం 4 జీబీ కార్డు వద్దనే చెబుతాను, కొత్త పెద్ద గేములకు ఆ మెమొరీ చాలదు. ఉన్నవాళ్లు కొత్త వెర్షన్ వచ్చిందల్లా ఎక్కించకుండా, మీ గేములన్నీ నడిచిన డ్రైవర్ ఇన్‌స్టాలర్‌ను వెర్షన్ నంబరు పేరుతో డీ డ్రైవ్‌లో దాచుకోండి.