స్పార్క్ ప్లగ్గులు విప్పేది 50 గంటలకా, 100 గంటలకా, మొరాయించినప్పుడా? ఏది మేలు?

శిక్షణ విమానం ఇంజన్ కింది వరుస నుంచి ఒక ప్లగ్గు విప్పి, మొనవైపు టార్చి వేసి చూడండి. తెల్లని పింగాణీకీ ఉక్కు గోడకూ నడుమ ఉన్న సన్నని సందులో ఆవగింజంత బూడిదరంగు ఉండ ఒకటి ఇరుక్కుని కనిపిస్తుంది. తట్టినా రాలదు. అది సీసం. అలాంటివి మూడు నాలుగు చేరితే నిప్పురవ్వ దూకవలసిన దారి మూసుకుపోతుంది.

మన దేశంలో కార్ల పెట్రోలు నుంచి సీసం 2000లోనే పోయింది. పిస్టన్ విమానాలు వాడే 100ఎల్ఎల్ పెట్రోలులో మాత్రం లీటరుకు 0.56 గ్రాముల వరకు ఉండవచ్చు. ఆ సీసం పొగతో పాటు బయటికి పోవడానికి బ్రోమిన్ ఉన్న రసాయనాన్ని కూడా కలుపుతారు. అయితే అది పనిచేయాలంటే ప్లగ్గు మొన దాదాపు 425 డిగ్రీల సెల్సియస్ వరకు కాగాలి. టాక్సీవే మీద వంతు కోసం నిలబడి, రన్‌వే చుట్టూ తిరిగి దిగుతూ, మళ్ళీ లేస్తూ ఉండే శిక్షణ విమానంలో ప్లగ్గులకు ఆ వేడి అందదు. పైగా సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి కాబట్టి నూనె కూడా కిందికే జారుతుంది. అందుకే కింది ప్లగ్గులే ముందు చెడతాయి.

నేను చెప్పేది సెస్నా 172ఎస్ అనే చిన్న శిక్షణ విమానం గురించి. దాని లైకమింగ్ ఐఓ-360 ఇంజన్‌కు నాలుగు సిలిండర్లు, ఎనిమిది ప్లగ్గులు (సిలిండర్‌కు పైన ఒకటి, కింద ఒకటి), ప్లగ్గులకు కరెంటు పంపే రెండు మాగ్నెటోలు. ఎన్ని గంటలు ఎగిరాక ఈ ప్లగ్గులను విప్పాలన్న దానిపై హ్యాంగర్లలో మూడు మాటలు వినిపిస్తాయి.

మొదటిది, ఇబ్బంది వచ్చేదాకా ముట్టుకోవద్దు అన్న మాట. ఇందులో పస ఉంది. విప్పిన ప్రతిసారీ ఒక ప్రమాదం ఉంటుంది. ప్లగ్గు చేయి జారి నేల మీద పడితే, పైకి ఏమీ కాకపోయినా, దాన్ని పారేయవలసిందే. నట్టు విప్పేటప్పుడు వైరును కూడా తిప్పేస్తే లోపలి స్ప్రింగు దెబ్బతింటుంది. ఎగిరే ముందు పైలట్ 1800 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో మాగ్నెటో మీదే ఇంజన్ నడిపి పరీక్షిస్తాడు కదా, వేగం పడిపోవడం 150 దాటినా, రెండింటి మధ్య తేడా 50 మించినా తెలిసిపోతుంది కదా అంటారు.

తెలియనిది ఒకటుంది. మా హ్యాంగర్లోనే ఒకసారి ఆ మాగ్నెటో పరీక్షలో ఏ లోపమూ చూపని విమానం నుంచి మూడో సిలిండర్ కింది ప్లగ్గు విప్పితే, పింగాణీ మొన మీద వెంట్రుకంత పగులు ఉంది. రవ్వ చక్కగా వస్తోంది, ఇంజన్ మెత్తగా తిరుగుతోంది. అలా పగిలిన ముక్క వేడిని వదలలేక నిప్పుకణికలా ఎర్రబడితే, రవ్వ కంటే ముందే పెట్రోలు అంటుకుంటుంది. కొద్ది నిమిషాల్లో పిస్టన్‌కు చిల్లి పడవచ్చు. ఆ ప్లగ్గును చేతిలో పట్టుకున్నాక మొదటి మాటను నేను ఎప్పటికీ ఒప్పుకోలేకపోయాను.

రెండో మాట: ప్రతి 50 గంటలకూ అన్నీ విప్పి శుభ్రం చేయాలి. నూనె మార్చడానికి ఎలాగూ కౌలింగ్ (ఇంజన్ మీది మూత) తీస్తాం కాబట్టి పనిలో పని అంటారు. శ్రద్ధ మంచిదే కానీ, శుభ్రం చేయడమంటే అరగదీయడమే. సీసం ఉండలను అదిరే సూదితో పొడిచి తీయాలి. సూది కాస్త పక్కకు జరిగితే పింగాణీ చిట్లుతుంది. ఇసుకలాంటి పొడిని గాలితో కొట్టే యంత్రంలో కొన్ని క్షణాలు ఎక్కువ ఉంచితే ఎలక్ట్రోడ్లూ అరుగుతాయి, రేణువులూ లోపల ఇరుక్కుంటాయి. ఇంజన్ తయారుచేసే లైకమింగ్ తన 50 గంటల జాబితాలో అడిగేది ఇంత కాదు. మసి పట్టినట్లు తెలిస్తే కింది ప్లగ్గులను పైకి మార్చమనీ, వైర్ల చివరలు చూడమనీ మాత్రమే.

మూడోది 100 గంటలు. ఇది పూర్తి పని. చిల్లులున్న ట్రేలో ఏ ప్లగ్గు ఏ సిలిండర్‌దో, పైదో కిందిదో తెలిసేలా వరుసగా నిలబెట్టి చదవాలి. పొడిగా ఉన్న లేత గోధుమరంగు మొన ఆరోగ్యానికి గుర్తు. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువైందని, తడి నలుపు ఉంటే నూనె వస్తోందని అర్థం. ట్రే చెప్పే ఈ కథ వినకుండా ముందే కడిగేస్తే సిలిండర్ జబ్బు దాగిపోతుంది. తర్వాత శుభ్రం, మీటర్‌తో లోపలి రెసిస్టర్ కొలత, గ్యాప్ (ఎలక్ట్రోడ్ల మధ్య సందు) సరిచేయడం. మందపాటి ఎలక్ట్రోడ్లుండే మామూలు మాసివ్ ప్లగ్గులకు గ్యాప్ 0.016 అంగుళాల దగ్గర ఉండాలి. పక్క ఎలక్ట్రోడ్లను లోపలికి నొక్కేటప్పుడు కొలత తీగను సందులో ఉంచకూడదు. ఆ ఒత్తిడి నేరుగా మధ్య ఎలక్ట్రోడ్ మీద పడి పింగాణీ లోపలే పగులుతుంది. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట నేర్పేది ఇదే. ఆపైన కొత్త రాగి గాస్కెట్, 35 ఫుట్‌పౌండ్ల టార్క్‌తో బిగింపు. పెట్టేటప్పుడు కింది ప్లగ్గును పైకి, అదీ సిలిండర్లు మండే 1-3-2-4 వరుసలో తర్వాతి సిలిండర్‌కు మారిస్తే అరుగుదల సమంగా పంచుకుంటుంది. ఈ పనంతా సీసపు దుమ్ముతోనే కాబట్టి, చేతులు కడగకుండా టీ గ్లాసు ముట్టుకోవద్దు.

నా మాట ఇది: చూడటం వేరు, శుభ్రం చేయడం వేరు. శిక్షణ విమానానికి 50 గంటలకు కింది నాలుగు ప్లగ్గులు విప్పి చూడండి. సీసం గట్టిగా పట్టి ఉంటేనే తీయండి, లేకపోతే పైవాటితో స్థానం మార్చి బిగించండి. ఎనిమిదింటికీ పూర్తి సేవ 100 గంటలకు చేయండి. దూర ప్రయాణాలు చేస్తూ గంటల తరబడి మంచి పవర్‌లో తిరిగే విమానానికి 100 గంటలు చాలు. నూనె తాగే పాత ఇంజన్‌కు 50 గంటలు ఆగడం కూడా ఎక్కువే కావచ్చు.

సొంత విమానాల సంగతి మరొకటి. ఏడాదికి 40 గంటలే ఎగిరే విమానానికి గంటల లెక్క పనికిరాదు. దానికి వార్షిక తనిఖీయే హద్దు. అమెరికాలో పైలట్ అయిన యజమాని తన విమానం ప్లగ్గులు తానే శుభ్రం చేసుకోవడానికి అక్కడి నిబంధనలు అనుమతిస్తాయి.

సన్నని తీగ ఎలక్ట్రోడ్లుండే ఇరిడియం ఫైన్‌వైర్ ప్లగ్గులు వేస్తే ఈ బాధ తప్పుతుందా అని అడుగుతారు. చాలావరకు తప్పుతుంది. మొన దగ్గర సందు విశాలంగా ఉంటుంది కాబట్టి సీసం నిలవదు. మాసివ్ ప్లగ్గు నాలుగైదు వందల గంటలకు అరిగిపోతే ఇవి దానికి ఎన్నో రెట్లు వస్తాయి. ధర మూడు రెట్లకు పైనే. వీటిని సూదితో పొడవకూడదు. 100 గంటల చూపు మాత్రం వీటికీ తప్పదు, పింగాణీ దీనిలోనూ పింగాణీయే.

ఇక పైలట్ల చేతిలో ఉన్నది. నేల మీద తిరుగుతున్నప్పుడు మిక్స్‌చర్ (గాలిలో కలిసే పెట్రోలు పాలు) తగ్గించి ఉంచండి. ఇంజన్ ఆపే ముందు వేడి కుదుటపడనిచ్చి, 15 నుంచి 20 సెకన్లు 1800 ఆర్‌పీఎం దగ్గర తిప్పి, మళ్ళీ 1000-1200కు దించి ఆపండి. లైకమింగ్ ఎప్పటి నుంచో చెబుతున్న పద్ధతే ఇది. దీన్ని మానకుండా పాటించే శిక్షకుడి విమానం 50 గంటలకు నా ముందుకు వచ్చినప్పుడు, కింది ప్లగ్గులు నాలుగూ గోధుమరంగులోనే ఉంటాయి. చూసి, స్థానం మార్చి, బిగించేస్తాను.