వర్మీబెడ్డు కొనేవాళ్లు ముందు ఆ చిన్న గొట్టం చూడండి

మాది రామచంద్రాపురం మండలం. మూడు జెర్సీ క్రాస్ ఆవులు, కొట్టం పక్కనే మామిడి తోపు. వర్మీబెడ్డు అంటే పేడను వానపాములతో ఎరువుగా మార్చే షీటు తొట్టి. 2020లో తిరుపతిలో కొన్న 12 అడుగుల బెడ్డునే ఇప్పటికీ వాడుతున్నాం. షీటు మందం ఎంత, రేటు ఎంత అనేవి ఎవరిని అడిగినా చెబుతారు కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది బెడ్డు అడుగున ఓ మూల నీళ్లు బయటికి పోవడానికి పెట్టే గొట్టం గురించి. నాకు కోపమంతా దాని మీదే.

మొదట్లో ఆ గొట్టమే మాకు తెగ నచ్చింది. కింద బకెట్ పెడితే చుక్క చుక్కగా గోధుమరంగు నీళ్లు దిగేవి, అదే వర్మీవాష్. లీటరుకు పది లీటర్ల నీళ్లు కలిపి అమ్మ వంగ, టమోటా మళ్లకు కొట్టేది. ఎరువైతే పిడికెడు తీసి నలిపితే టీ పొడిలా రాలేది, పేడ వాసన అనేదే లేదు. ఊళ్లో అడిగినవాళ్లందరికీ కొనమనే చెప్పాను.

తర్వాత 2021 నవంబరు వానలు వచ్చాయి. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారే, ఆ రోజులు. బెడ్డు మీద రేకుల పందిరి ఉంది, అయినా గాలివానకు జల్లు పక్కనుంచి కొట్టి లోపలంతా నానిపోయింది. అంత నీరు చేరినా గొట్టంలోంచి చుక్క రాలేదు. పైన కప్పిన గోనెపట్ట ఎత్తితే గుప్పున పుల్లటి మురుగు వాసన. వానపాములు గుత్తులు గుత్తులుగా షీటు అంచుకు ఎగబాకి ఉన్నాయి, కొన్ని తాళ్ల మీదుగా పాకి కింద పడుతుంటే కోళ్లు చేరి ఏరుకుంటున్నాయి. అవి చర్మంతోనే గాలి పీల్చుకుంటాయి. ఒళ్లు తడిగా ఉండాలి, కానీ నీళ్లు నిలబడితే గాలి అందదు, ఉండలేక పైకి వచ్చేస్తాయి. గొట్టం లోపల వైపు దోమతెర కంటే సన్నటి నెట్ ముక్క అంటించి ఉంది, దానికి పేడ జిగురు పట్టేసి గట్టిగా మూసుకుపోయింది. చీపురుపుల్లతో పొడిస్తే నాలుగు చుక్కలు వచ్చి మళ్లీ ఆగిపోయేది. చివరికి నాన్న ఆ మూల ఎరువంతా చేత్తో తోడేసి నెట్‌ను పీకి పారేస్తే నల్లటి నీళ్లు ధారగా పోయాయి. అప్పటికే సగానికి పైగా పాములు పోయాయి, ఉన్నవి పెరిగి బెడ్డు మళ్లీ దారిలో పడేసరికి సంక్రాంతి దాటింది.

అమ్మినాయన్ని అడిగితే మీరే తడి ఎక్కువ పెట్టుంటారు అన్నాడు. మన జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయని తెలియనివాళ్లు లేరు, ఇక్కడ అమ్మే సరుకు ఆ వానకు తట్టుకోవాలా వద్దా?

తర్వాత మేమే బాగు చేసుకున్నాం. అడుగున ఇటుక ముక్కలు, వాటి మీద కొబ్బరి పీచు పరిచి, గొట్టం దగ్గర చిల్లులు పెట్టిన పీవీసీ పైపు ముక్క పెట్టాం. గొట్టానికి ఎదురు వైపు కింద మట్టి పోసి కాస్త ఎత్తు చేశాం, దాంతో వాలు వచ్చింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వానకు ఏ టెన్షన్ లేకుండా నీళ్లు పోయాయి.

ఇక మొదట్లో నేను పొగిడినవాటి సంగతి. వర్మీవాష్ ఎక్కువ కారుతోందంటే బెడ్డుకు నీళ్లు ఎక్కువ పెడుతున్నామనే అర్థం, అందుకే ఇప్పుడు బకెట్ నిండాలని చూడం. వంగ ఆకు నిగనిగలాడేది వాష్ వల్లేనని గట్టిగా చెప్పలేను, ఎరువు కూడా అదే మడికి వేస్తాం కదా. యూరియాలో నత్రజని 46 శాతం, వర్మీ ఎరువులో ఉండేది ఒకటిన్నర, రెండు శాతం. వరి కయ్యకు ఇప్పటికీ యూరియా వేస్తున్నాం, కాకపోతే తగ్గించాం. కూరగాయలకు, మామిడి మొక్కలకు మాత్రం వర్మీ ఒక్కటే, ఆ మళ్లలో తడి రెండు రోజులు ఎక్కువే ఆగుతోంది. అన్నట్టు, బెడ్డు కొంటే పేడ దిబ్బ పోతుందనుకోవద్దు. పచ్చి పేడ వేడికి పాములు చస్తాయి, రెండు మూడు వారాలు బయట మాగనిచ్చి వేయాలి. ఆవులకు నట్టల మందు తాగించిన రోజుల్లో పేడ అసలు వేయం, నేరుగా దిబ్బకే.

షీటు నీడ వైపు బాగానే ఉంది, పడమటి ఎండ తగిలే వైపు కుట్లు పొడిపొడిగా రాలుతున్నాయి.

మాకు తోపు నీడ ఉంది, పొద్దున పాలు పితికాక అమ్మ చెయ్యి పెట్టి తడి చూసుకుంటుంది, అందుకే నడిచింది. పది ఆవులున్నవాళ్లకు ఒక్క బెడ్డు ఏ మూలకూ చాలదు, వాళ్లు సిమెంటు తొట్లు కట్టుకోవడమే నయమేమో. రెండు మూడు ఆవులుండి నీడ ఉంటే కొనొచ్చు. అయితే అంగట్లోనే బెడ్డు విప్పించి గొట్టంలో వేలు పెట్టి చూడండి, నెట్ లోపల అంటించి ఉంటే వద్దనండి, బయటినుంచి ఊడదీసి కడుక్కునేలా ఉంటేనే తీసుకోండి.