ఎంఎడ్‌తో ఆగాలా, పీహెచ్‌డీ దాకా వెళ్లాలా?

బీఎడ్ చేసి బడిలో చేరిన నాలుగైదేళ్లకు దాదాపు అందరికీ వచ్చే ప్రశ్న ఇది, ఈ నెలలోనే ముగ్గురు అడిగారు. నేను ఎంఎడ్ పూర్తిచేసి, పీహెచ్‌డీకి ఇంకా అప్లై చేయకుండా ఆగాను, కాబట్టి నా మొగ్గు ఎటో మీకు తెలిసిపోతుంది.

పిల్లలకే పాఠం చెబుతూ ఉంటానంటే డీఎస్సీకి రెండూ అక్కర్లేదు. డైట్‌లోనో (జిల్లా టీచర్ శిక్షణ సంస్థ) బీఎడ్ కాలేజీలోనో కాబోయే టీచర్లకు చెప్పాలంటే సబ్జెక్టులో పీజీతో పాటు ఎంఎడ్ కావాలి. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదని 2023 జులైలో యూజీసీ నిబంధన మార్చాక సగం టెన్షన్ తగ్గింది. బీఎడ్ కాలేజీ ప్రిన్సిపాల్‌కు మాత్రం పీహెచ్‌డీ, ఎనిమిదేళ్ల బోధనానుభవం ఉండాల్సిందే.

కానీ నా దృష్టిలో అసలు తేల్చేది గైడు, అంటే పీహెచ్‌డీ చేయించే ప్రొఫెసర్. రెండేళ్ల కిందట మా స్టాఫ్‌రూమ్‌కు పీహెచ్‌డీ చేస్తున్న ఒక స్కాలరమ్మాయి అరవై ప్రశ్నల ప్రశ్నావళి తెచ్చారు, ఒక్కోదానికి ఐదు గళ్లు. బెల్లు కొట్టేస్తారని మేమంతా చదవకుండానే మధ్య గడిలో టిక్కులు పెట్టి ఇచ్చేశాం. ఒకరి నాలుగేళ్ల కష్టం ఆ కాగితాల మీద నిలబడాలి కదా అని తర్వాత తట్టి చాలా బాధేసింది. ఒక నెల వెళ్లి క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోమ్మా అని చెప్పే గైడు ఆ అమ్మాయికి దొరకలేదు. పీహెచ్‌డీకి తక్కువలో తక్కువ మూడేళ్లు, మామూలుగా ఆరేళ్ల దాకా గడువు. జేఆర్‌ఎఫ్ (నెట్‌లో మంచి ర్యాంకుకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 వస్తాయి, ఉద్యోగం ఉంటే పైవాళ్ల అనుమతి పత్రం (ఎన్‌ఓసీ)తో పార్ట్‌టైమ్ చేయొచ్చు, ఇవన్నీ సర్దుకుంటాయి. గైడు కుదరకపోతే మాత్రం ఏదీ సర్దుకోదు. అప్లై చేసేముందు ఆ గైడు దగ్గర వచ్చిన రెండు థీసిస్‌లు (పీహెచ్‌డీ పరిశోధన గ్రంథాలు) లైబ్రరీలో అడిగి తీసుకుని చదవండి, ఇప్పుడున్న స్కాలర్లను కలిసి సారు నెలకు ఎన్నిసార్లు కూర్చోబెట్టి మాట్లాడతారో కనుక్కోండి.

అందుకే ముందు ఎంఎడ్, అందులోని డిసర్టేషన్ (చిన్న పరిశోధన) నిజంగా చేయండి అంటాను. ఏడో తరగతి పిల్లలు 1/2 + 1/3 = 2/5 అని ఎందుకు రాస్తారో నలభై మందిని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగాను నేను. పైనవి పైన, కిందవి కింద కూడితే తప్పేంటి టీచర్ అని ఒక పాప అడిగిన ప్రశ్న ఇప్పటికీ వదల్లేదు.

ఎంఏ ఎడ్యుకేషన్ స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లకు సరిపోతుంది. పీహెచ్‌డీకి ముందు చేసే ఎంఫిల్ యూజీసీ 2022 నిబంధనలతోనే పోయింది.

దసరా సెలవుల్లో ఇద్దరు గైడ్లను కలవబోతున్నాను, ఆ నలభై మంది కాగితాలూ ఫైల్లో పెట్టుకుని.