చెరకు తోట, దాని వెనకే చిత్తడి అడవి: న్యూ ఆర్లీన్స్ నుంచి ఒక రోజు

మా అమ్మ పుట్టింది అనకాపల్లి దగ్గర పల్లెలో. తాతగారికి రెండెకరాల చెరకు, పొలం గట్టున గానుగ, పక్కనే బెల్లం వండే పెనం ఉండేవి. సంక్రాంతికి ముందూ వెనకా ఊరంతా పాకం వాసనే అని ఇప్పటికీ చెప్తుంది. ఏప్రిల్లో ఆవిణ్ణి అమెరికాలో, లూసియానాలోని విట్నీ ప్లాంటేషన్‌కి తీసుకెళ్లాం. ఒకప్పుడు నల్లజాతి బానిసలతో పని చేయించిన చెరకు తోట అది, ఇప్పుడు మ్యూజియం. ఎదురుగా ఉన్న పెద్ద భవనం వైపు ఆవిడ చూడనే లేదు. పచ్చికలో పెట్టిన ఇనప పెనం దగ్గర ఆగిపోయింది. అంచు మీద చెయ్యి వేసి, లోపలికి వంగి చూసి, "ఒరే, ఇది మన పెనమేరా. మనది వెడల్పు, ఇది లోతు. అంతే తేడా" అంది.

న్యూ ఆర్లీన్స్‌లో ఏ టూర్ ఆఫీసుకెళ్లినా ప్లాంటేషన్, స్వాంప్ బోటు (చిత్తడి అడవిలో తిప్పే బోటు) రెండూ కలిపి ఒక రోజు ప్యాకేజీ అమ్ముతారు. నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి ప్యాకేజీ బస్సులో ఆఫీసు స్నేహితులతో. రెండోసారి ఇండియా నుంచి వచ్చిన అమ్మ, నా భార్య, పదేళ్ల పాపతో సొంత కారులో, హ్యూస్టన్ నుంచి. రెండింటికీ చాలా తేడా ఉంది. పెద్దవాళ్లని తీసుకెళ్దామనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

బస్సు సంగతి ముందు చెప్పేస్తాను. ఎనిమిదింటికి హోటల్ ముందు ఉండమన్నారు. బస్సు వచ్చేసరికి తొమ్మిది కావస్తోంది. ఫోన్ చేస్తే సరైన జవాబు లేదు. ఆ ఆలస్యమంతా ప్లాంటేషన్ దగ్గరే కోసేశారు. గంటన్నర ఇచ్చారు, అందులోనే భోజనం కూడా. అప్పుడు వెళ్లింది వాషరీ అనే ఊళ్లోని ఓక్ ఆలీకి. రెండు వరసలుగా 28 ఓక్ చెట్లు, కొమ్మలు పైన కలిసిపోయి పందిరి వేసినట్టు ఉంటాయి. ఆ చివర 1830లలో కట్టిన తెల్లటి స్తంభాల ఇల్లు. చూస్తే ఎవరికైనా ఊపిరి ఆగుతుంది, అందులో అబద్ధం లేదు. అక్కడ కూడా బానిసల గుడిసెలని తిరిగి కట్టి, వాళ్ల పేర్లూ వివరాలూ పెట్టారు. ఆంట్వాన్ అనే బానిస తోటమాలి 1840లలో పీకాన్ అనే గింజల చెట్టుకి అంటు కట్టడంలో సాధించిన పని గురించి చదివాను. ఆయన కట్టిన ఆ రకమే తర్వాత 'సెంటెనియల్' అన్న పేరుతో ప్రసిద్ధమైంది. కానీ గంటన్నరలో ఆ గుడిసెల దగ్గర మాకు మిగిలింది పది నిమిషాలు. మిగతాదంతా ఫోటోలకే పోయింది. తిరిగొచ్చాక ఫోన్‌లో చూసుకుంటే అన్నీ చెట్లే. మనసులో అది చాలా రోజులు ముల్లులా ఉండిపోయింది. అందుకే రెండోసారి విట్నీనే ఎంచుకున్నాను.

బస గురించి ఒక మాట. న్యూ ఆర్లీన్స్ పాత ఊరు ఫ్రెంచ్ క్వార్టర్‌లో ఉంటే రాత్రి సందడి బావుంటుంది గానీ, కారుంటే పార్కింగ్‌కే చాలా పోతుంది, పెద్దవాళ్లకి నిద్ర ఉండదు. మేము ఎయిర్‌పోర్ట్ వైపు, కెన్నర్‌లో మామూలు హోటల్ తీసుకున్నాం. పొద్దున్న ప్లాంటేషన్ల దారి అటునుంచే దగ్గర. క్వార్టర్‌కి ముందు రోజు సాయంత్రం వెళ్లి, బెన్యే అనే పంచదార చల్లిన నూనె వంటకం తిని కాఫీ తాగాం. ఆ ఊరి కాఫీలో చికోరీ కలుపుతారు. మొదటి గుక్కకే అమ్మ, "ఇన్నాళ్లకి కాఫీ లాంటి కాఫీ ఇప్పించావురా" అంది.

కెన్నర్ దాటాక హైవే కొన్ని మైళ్ల పాటు నీళ్ల మీదే పోతుంది. స్తంభాల మీద రోడ్డు, కింద చిత్తడి, ఒక పక్క పాంచర్‌ట్రెయిన్ సరస్సు. తర్వాత గ్రామర్సీ దగ్గర మిసిసిపీ మీద పెద్ద వంతెన ఎక్కి అవతలి ఒడ్డుకి దిగాలి. అక్కడ్నుంచి రివర్ రోడ్. పేరుకి నది పక్కనే, కానీ నది కనపడదు. గోదావరి గట్టు లాంటి ఎత్తైన మట్టికట్ట అడ్డం. ఒక వైపు గట్టు, మరో వైపు చెరకు. మధ్య మధ్యలో గొట్టాల్లోంచి పొగలు కక్కే కెమికల్ ఫ్యాక్టరీలు. న్యూ ఆర్లీన్స్‌కీ బాటన్ రూజ్‌కీ మధ్య నది వెంట ఉన్న ఈ ప్రాంతాన్ని 'క్యాన్సర్ ఆలీ' (క్యాన్సర్ సందు) అంటారు. ఒకప్పటి తోటల స్థలాల్లోనే చాలా ఫ్యాక్టరీలు లేచాయి, వాటి పక్కన బతుకుతున్నది ఎక్కువగా ఆ బానిసల వారసులే. ఈ దారిని బస్సులో నిద్రపోతూ దాటాను మొదటిసారి. కారులో అద్దం దించి నెమ్మదిగా వెళ్తే ఇది కూడా యాత్రలో భాగమే అని తెలుస్తుంది.

విట్నీని 1752లో ఆంబ్రోజ్ హైడెల్ అనే జర్మన్ వలసదారు మొదలుపెట్టాడు. మొదట నీలిమందు, తర్వాత చెరకు. జాన్ కమింగ్స్ అనే న్యూ ఆర్లీన్స్ లాయరు దీన్ని కొని, ఏళ్ల తరబడి సొంత డబ్బు పెట్టి, 2014 డిసెంబర్‌లో మ్యూజియంగా తెరిచారు. సెనెగల్ నుంచి వచ్చిన చరిత్రకారుడు ఇబ్రహీమా సెక్ పరిశోధన నడిపారు. మిగతా చోట్ల కథ యజమాని ఇంటి నుంచి మొదలవుతుంది. ఇక్కడ మొదలయ్యేది పని చేసినవాళ్ల నుంచి. ఇక్కడ పెళ్లిళ్లూ పార్టీలూ జరగనివ్వరు. నాకు ఆ ఒక్క నిర్ణయంతోనే ఈ చోటు మీద గౌరవం కలిగింది.

ముందు ఒక చిన్న చర్చి. 1870 ప్రాంతంలో, విడుదలైన బానిసలు కట్టుకున్నది, వేరే ఊరి నుంచి ఇక్కడికి తెచ్చారు. లోపల బల్లల మధ్య పిల్లల మట్టిబొమ్మలు నిలబడి ఉంటాయి. నిజం పిల్లలంత ఎత్తు, చెప్పుల్లేని కాళ్లు, కళ్ల చోట గుంటలు. వుడ్రో నాష్ అనే శిల్పి చేశారు. మా పాప ఒక బొమ్మ పక్కన నిలబడి ఎత్తు కొలుచుకుంది. ఇద్దరూ సమానంగా ఉన్నారు. తర్వాత చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

పేర్లు చెక్కిన రాళ్ల దగ్గర అమ్మ నన్ను చదివి చెప్పమంది. ఈ ఒక్క తోటలో బతికిన 350 మందికి పైగా పేర్లు ఒక గోడ మీద ఉన్నాయి. దొరికిన చోట వయసు, ఆఫ్రికాలో ఏ జాతి, ఏ పని వచ్చు అన్నవి కూడా. బంబారా, మండింగా, కాంగో. కొందరికి ఒట్టి పేరే. ఇంటిపేరు ఎవరికీ లేదు. "తల్లి పేరయినా లేదా?" అని అడిగింది అమ్మ. ఇంకో చోట లూసియానా మొత్తంలో బానిసలుగా బతికిన 1,07,000 మంది పేర్లు. గ్వెండొలిన్ మిడ్లో హాల్ అనే చరిత్రకారిణి ఏళ్ల తరబడి పాత కాగితాల్లోంచి తీసి పోగు చేసినవి. పక్కనే మూడేళ్లు నిండకుండా పోయిన 2,200 మంది పసిపిల్లల పేర్లున్న చోటు. రెక్కలున్న ఒక స్త్రీ బిడ్డని ఎత్తుకుని ఉంటుంది మధ్యలో. అక్కడ నేను చదవడం ఆపేశాను. అమ్మ కూడా చదవమనలేదు.

ఇప్పుడు ఆ పెనాల సంగతి. లూసియానాలో చెరకుకి మంచు గండం ఉంది. గడ్డ కట్టే చలి పడకముందే కొట్టి, ఆడి, వండెయ్యాలి. అందుకని అక్టోబర్ నుంచి సంక్రాంతి రోజుల దాకా రాత్రీ పగలూ పని. పెద్దది మొదలుకుని చిన్నదాకా నాలుగైదు పెనాలు వరసగా, కింద ఒకటే మంట. మరిగిన రసాన్ని పొడుగు గరిటెలతో ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి మనుషులే తోడాలి. చివరి పెనంలో పాకం చెయ్యి మీద పడితే చర్మం ఊడి వస్తుంది. అమ్మకి ఇవేవీ నేను వివరించాల్సిన పని లేకపోయింది. సున్నం వేసి మడ్డి తియ్యడం, పాకం పదును చూడడం ఆవిడే చెప్పింది. "మనకి రెండు పెనాలకే మగాళ్లు నలుగురు మారేవాళ్లు. ఒళ్లు కాలితే మానేసి ఇంటికి పోయేవాళ్లు. వీళ్లకి ఇల్లేది?" అంది. మన విశాఖ, గోదావరి వైపు నుంచి కూడా మారిషస్, నటాల్, ఫిజీ చెరకు తోటలకి కూలీలుగా వెళ్లారు. ఆ బతుకూ నరకమే. కానీ వాళ్లకి చేతిలో ఒప్పందం కాగితం ఉండేది, గడువు ఉండేది. ఇక్కడ మనిషే ఆస్తి, పుట్టిన బిడ్డ కూడా ఆస్తి.

ఈ పెనాల గండాన్ని తగ్గించింది కూడా ఈ నేల మనిషే. న్యూ ఆర్లీన్స్‌లో 1806లో పుట్టిన నార్బర్ట్ రిల్లియో స్వేచ్ఛాపౌరుడైన నల్లజాతి ఇంజినీరు. ఆవిరితో, మూసిన పాత్రల్లో, తక్కువ వేడి మీద రసం చిక్కబరిచే యంత్రానికి 1843లో పేటెంట్ తీసుకున్నారు. ఈనాటి చక్కెర ఫ్యాక్టరీల్లో రసం చిక్కబరిచేది ఆ సూత్రం మీదే.

వెళ్లేవాళ్లకి: విట్నీకి కనీసం రెండున్నర గంటలు పెట్టుకోండి. నీడ తక్కువ, గొడుగు, మంచినీళ్లు తప్పనిసరి. మంగళవారం సెలవు. గైడు లేకుండా ఫోన్‌లో ఆడియో వింటూ తిరగొచ్చు. పెద్దవాళ్లతో అయితే అదే మేలు, ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు. ఒక పక్కగా 1811 తిరుగుబాటు స్మారకం ఉంది. ఆ జనవరిలో నది అవతలి ఒడ్డు మీద బానిసలు చార్ల్స్ డెలాండ్ నాయకత్వంలో న్యూ ఆర్లీన్స్ వైపు కదిలారు. అణచేశాక వాళ్ల తలలు నరికి నది గట్టు పొడుగునా కర్రలకి గుచ్చారు. స్మారకంలో ఉన్నవి ఆ తలలే, సెరామిక్‌తో చేసినవి. పిల్లలకి చూపించాలా వద్దా అన్నది ముందే అనుకోండి. మేము పాపని అటు తీసుకెళ్లలేదు.

భోజనానికి శాకాహారులు ఈ దారిలో ఆశ పెట్టుకోవద్దు. బీన్స్ అన్నంలో కూడా తరచూ సాసేజ్ ఉంటుంది. మేము పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లి కారు పక్కన చెట్టు కింద తిన్నాం.

మధ్యాహ్నం బోటుకి లాప్లాస్ వెళ్లాం, అరగంట దారి. మాంచాక్ అనే చిత్తడి అడవి అది. మొదటిసారి ఎక్కింది ఎయిర్‌బోటు. వెనక పెద్ద ఫ్యాను, చెవులకి మూతలు, గాలి మొహం మీద కొట్టడం. కుర్రాళ్లకి సరదా. గైడు ఏం చెప్పాడో ఒక్క ముక్క గుర్తు లేదు. ఈసారి పైకప్పున్న వెడల్పాటి బోటు తీసుకున్నాం. నెమ్మదిగా పోతుంది, ఎక్కి దిగడం సులువు, అమ్మ హాయిగా కూర్చుంది. పెద్దవాళ్లుంటే ఇదే.

నీళ్లు టీ డికాషన్ రంగు. సైప్రస్ చెట్ల చుట్టూ వేళ్లు మోకాళ్లలా పైకి పొడుచుకొస్తాయి. కొమ్మల నించి బూడిద రంగు నాచు జడల్లా వేలాడుతుంది. నిజానికి అది నాచు కాదు, అనాస కుటుంబపు మొక్క. అప్పట్లో దాన్ని ఎండబెట్టి పరుపుల్లో కూరేవారట. ఒక మలుపు దగ్గర గుర్రపుడెక్క అల్లుకుని ఉంది. "ఇదిక్కడికీ వచ్చిందా!" అంది అమ్మ. ఆలిగేటర్లు, అంటే ఇక్కడి మొసళ్లు, ఏడెనిమిది కనిపించాయి. చలికాలంలో అవి కదలకుండా పడుంటాయి కాబట్టి ఏప్రిల్ తర్వాత రావడం మంచిది. గైడు వాటికి మార్ష్‌మెలోలనే మెత్తటి మిఠాయిలు విసిరి బోటు దగ్గరికి రప్పించాడు. చాలా బోట్ల మీద ఇదే అలవాటు. నాకు నచ్చలేదు. అడవి జంతువుకి మనిషి దగ్గర తిండి దొరుకుతుందని నేర్పడం దానికీ మంచిది కాదు, మనకీ కాదు. పాప కూడా విసురుతానంటే వద్దన్నాను.

ప్యాకేజీల్లో ఈ రెండింటినీ రెండు వేరు వేరు వినోదాలుగా అమ్ముతారు. అది తప్పు. ఈ నది ఒడ్డున ఫ్రెంచివాళ్లు భూమిని సన్నటి పొడుగాటి ముక్కలుగా పంచారు. ప్రతి తోటకీ ముందు నది, నది పక్కన ఎత్తు నేల, వెనక్కి పోయేకొద్దీ పల్లం, ఆ చివర చిత్తడి అడవి. పారిపోయిన బానిసకి తోట వెనక నడుచుకుంటూ పోతే దొరికే మొదటి స్వేచ్ఛ ఈ నీళ్లే. అలా పారిపోయి అడవుల్లో బతికినవాళ్లని మరూన్లు అంటారు. సైప్రస్ దుంగలు నరికి కోత మిల్లులకి అమ్ముకుని కూడా బతికారు. న్యూ ఆర్లీన్స్‌కి తూర్పున ఉన్న చిత్తడిలో సాన్ మాలో అనే నాయకుడు అలాంటి గుంపునే నడిపాడు. 1784 జూన్‌లో పట్టుకుని ఉరి తీశారు.

ఆలిగేటర్ల సందడి తగ్గాక గైడుని ఈ సంగతి అడిగాను. ఆయన ఇంజిన్ ఆపేశాడు. ఇది ఎవరూ అడగరు అన్నాడు. తర్వాత కప్పల చప్పుడు, దూరంగా హైవే మీద లారీల రొద తప్ప ఏమీ లేదు. ఆయన తెడ్డు తీసి పక్కన నీళ్లలో దించాడు. సగం దాకా దిగి మెత్తటి బురదలో ఆగింది. రాత్రిపూట, వెనక కుక్కలు తరుముతుంటే, ఇందులోకి దిగాలి అన్నాడు. నేను తెలుగులో చెప్తే అమ్మ ఆ బురద అంటిన తెడ్డు వంకే చూస్తూ ఉండిపోయింది.

ఈ మాట విట్నీ చూడకుండా వస్తే నాకు తట్టేది కాదు. అందుకే ముందు ప్లాంటేషన్, తర్వాత బోటు. వరస మార్చి అమ్మే ప్యాకేజీలు ఉంటాయి, తీసుకోవద్దు. ఖర్చు చూస్తే నలుగురికి సొంత కారులో వెళ్లడమే ప్యాకేజీ కంటే చాలా తక్కువ పడింది. టికెట్లు రెండూ ముందు రోజే ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. కారు లేనివాళ్లు ప్యాకేజీ తీసుకోక తప్పకపోతే విట్నీ ఉన్నది అడిగి, అక్కడ ఎంతసేపు ఆపుతారో డబ్బు కట్టేముందే తెలుసుకోండి.

ఆ రాత్రి హోటల్లో అమ్మ మా మావయ్యకి ఫోన్ చేసింది. మొసళ్లని చూశావా అక్కా అని అటునుంచి ఆయన అడగడం నాకు వినిపిస్తోంది. "చూశాన్లే, అది తర్వాత చెప్తా. ముందిది విను. మన నాన్న పెనం ఎన్ని బిందెల రసం పట్టేదిరా?" అంది.