75 రోజులా, 30 రోజులా, గడువు లేని చిన్న అలవాటా: ఏ ఛాలెంజ్ మేలు?

"రోజువారీ అలవాట్లు మార్చుకుందామని ఛాలెంజ్ పెట్టుకుంటున్నాను. ఎన్ని రోజులదైతే మంచిది?" ఈ మధ్య నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగేవాళ్లకి కావాల్సినవి కూడా ఇంచుమించు ఒకటే. ప్లాస్టిక్ వాడకం తగ్గాలి, తిండి పారేయడం తగ్గాలి, ఫోన్ చూడకుండా భోంచేయాలి, పొద్దున్నే కాసేపు కుదురుగా కూర్చోవాలి. వీటివల్ల మంచేమిటో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. తేలనిదల్లా ఏ పద్ధతిలో మొదలుపెట్టాలన్నదే. అందుకే జనం ఎక్కువగా ఎంచుకునే మూడు పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. నా మొగ్గు ఎటో దాచుకోను. కాకపోతే నేను తేల్చుకున్నది రోజుల లెక్క చూసి కాదు. ఒక రోజు తప్పితే ఆ పద్ధతి మర్నాడు ఏం చేయమంటుందో చూసి.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్న మాట సంగతి ముందే తేల్చేద్దాం, ఎందుకంటే ప్రతివాళ్లూ అక్కడే మొదలుపెడతారు. ఆ అంకె మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ రాతల్లోంచి వచ్చింది. ఆపరేషన్ అయ్యాక రోగులు తమ కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన 1960లో రాశారు. మారిన ముక్కుని అద్దంలో చూసుకుని సర్దుకోవడం వేరు, రోజూ ఒక పనిని చేతికి అలవాటు చేయడం వేరు. రెండోదాన్ని నిజంగా కొలిచి చూసినవాళ్లు లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ, ఆమె సహచరులు. 96 మంది తలా ఒక పని ఎంచుకుని, రోజూ ఒకే సందర్భంలో, అంటే పొద్దున టిఫిన్ అయ్యాకనో మరోటి అయ్యాకనో, 12 వారాలపాటు చేశారు. ఆ పని ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలితే, కొందరికి 254 రోజులు పట్టొచ్చని అంచనా తేలింది. ఇంత తేడా ఉన్నప్పుడు 21 అయినా, 30 అయినా, 75 అయినా మనకి సరిపోతుందని ముందే ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఛాలెంజ్‌ని రోజులతో కాకుండా దాని నియమాలతో తూచాలి.

మొదటిది కఠిన పద్ధతి. 2019లో అమెరికాలో ఆండీ ఫ్రిసెల్లా మొదలుపెట్టిన 75 రోజుల ఛాలెంజ్ దీనికి బాగా తెలిసిన నమూనా. రోజుకి రెండుసార్లు 45 నిమిషాల చొప్పున వ్యాయామం, అందులో ఒకటి ఆరుబయట. ఏదో ఒక ఆహార నియమం, మద్యం బంద్, రోజుకి ఒక గ్యాలన్ (దాదాపు 3.8 లీటర్ల) నీళ్లు, పది పేజీలు చదవడం, ఒంట్లో మార్పు తెలిసేలా తనదే ఒక ఫోటో. ఏ ఒక్కటి తప్పినా మళ్లీ ఒకటో రోజు నుంచి. ఇదే చట్రంలో జనం తమ సొంత జాబితాలు కూడా పెట్టుకుంటారు: ప్లాస్టిక్ ముట్టను, కొత్త బట్టలు కొనను, ధ్యానం చేస్తాను, డైరీ రాస్తాను, అన్నీ ఒకే రోజు నుంచి.

దీని బలం నిజమైనదే. బేరాలకి తావుండదు. "ఇవాళ ఒక్కరోజుకి" అనే మాట లోపల పుట్టగానే నోరు నొక్కేస్తుంది. ఏళ్లుగా తనతో తాను రాజీపడుతూ వచ్చిన మనిషికి ఆ గట్టిదనం ఊరటనిస్తుంది. చివరిదాకా వెళ్లినవాళ్ల ముఖంలో కనిపించే నమ్మకం ఉత్తిది కాదు, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ ఛాలెంజ్ పరీక్షించేది పట్టుదలని. అలవాటు అంటే పట్టుదల ఖర్చు పెట్టాల్సిన అవసరం తగ్గిపోవడం. 75 రోజులూ పళ్ల బిగువున లాగినవాళ్లకి 76వ రోజున ఆ బిగువు సడలగానే చేతిలో ఏం మిగులుతుంది? అన్నింటినీ ఒకేసారి మొదలుపెట్టారు కాబట్టి, వాటిలో ఏది ఒంటబట్టిందో, ఏది కేవలం నియమం భయంతో నడిచిందో వాళ్లకే తెలియదు.

రెండోది నెల రోజుల పద్ధతి, ఒకే విషయం మీద. 2011లో పశ్చిమ ఆస్ట్రేలియాలో మొదలై ఎన్నో దేశాలకి పాకిన ప్లాస్టిక్ ఫ్రీ జులై దీనికి చక్కటి ఉదాహరణ. ఒక నెలపాటు ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ని వద్దనడం, అంతే. ఏ వస్తువులతో మొదలుపెట్టాలో మనిష్టం. నెల అనేసరికి ఇంట్లోవాళ్లు కూడా ఒప్పుకుంటారు. "ఇక జీవితాంతం ఇంతే" అంటే ఎదురు తిరిగేవాళ్లు "ఈ నెల చూద్దాం" అంటే కలిసివస్తారు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది, మొదటివారంలోనే ఇల్లు తన గుట్టు విప్పేస్తుంది. చెత్తబుట్టలో రోజూ చేరుతున్నవి మనం అనుకున్న సంచులు కావు, ఆలోచించకుండా తెచ్చుకుంటున్న చిన్నచిన్న ప్యాకెట్లు అని తెలుస్తుంది. ఏది తేలికగా మానొచ్చో, ఏది మానడానికి మన చేతిలో మార్గమే లేదో అనుభవంలోకి వస్తుంది. లోపం 31వ రోజు. నెల ముగిసింది, గెలిచాం, ఇక మామూలే అన్న భావన చాలామందికి వస్తుంది. పైన చెప్పిన 66 రోజుల లెక్క చూస్తే సగం మందికి పైగా అప్పటికి అలవాటు పూర్తిగా కుదిరి ఉండదు కూడా.

మూడోది చిన్న అలవాటు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో పనిచేసే బి.జె. ఫాగ్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఇప్పటికే రోజూ తప్పకుండా చేస్తున్న పనికి, కొత్త పనిలో అతి చిన్న ముక్కని కట్టేయడం. పళ్లు తోముకున్నాక మూడు నిదానమైన ఊపిర్లు. కంచం ముందు కూర్చోగానే ఫోన్ పక్క గదిలో. "ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేస్తాను" అని ముందే తేల్చుకున్నవాళ్లు ఉత్త సంకల్పం చెప్పుకున్నవాళ్లకంటే మెరుగ్గా చేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990ల నుంచీ పరిశోధనలతో చూపిస్తూ వచ్చారు. దీని లోపం చప్పదనం. నలుగురికి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, ముగింపు రేఖ ఉండదు. చిన్నది చిన్నదిగానే ఉండిపోయే ప్రమాదం కూడా ఉంది. ముఖ్యంగా పర్యావరణం విషయంలో, ఒక సంచి తీసుకెళ్లినందుకే మన వంతు అయిపోయినట్టు అనిపిస్తే అది మంచిది కాదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన చోటికి వస్తాను: తప్పిన మర్నాడు.

ఏ ఛాలెంజ్‌లోనైనా ఒక రోజు తప్పుతుంది. జ్వరం వస్తుంది, ప్రయాణం పడుతుంది, ఇంట్లో ఎవరికో బాగుండదు. లాలీ బృందం పరిశోధనలో నాకు 66 కంటే విలువైనదిగా కనిపించింది ఇదే: ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమం చెప్పుకోదగ్గంతగా దెబ్బతినలేదు. అంటే తప్పిన రోజు వల్ల మనకి జరిగే నష్టం చాలా తక్కువ. అసలు నష్టం మర్నాడు పొద్దున, మనసులో జరుగుతుంది. "ఎలాగూ పోయింది, ఇంక దేనికి" అన్న ఆ నీరసాన్ని వ్యసనాల నుంచి బయటపడేవాళ్ల విషయంలో మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లాట్ లోతుగా పరిశీలించారు. ఒక్కసారి జారడాన్ని మనిషి తన స్వభావంలోని లోపంగా తీసుకుంటే పూర్తిగా పడిపోయే అవకాశం పెరుగుతుందని ఆయన చెప్పారు. కఠిన ఛాలెంజ్ సరిగ్గా ఆ బలహీనమైన పొద్దునే వచ్చి "నీ 40 రోజులూ సున్నా" అంటుంది. ఒంట్లోకి ఎక్కిన అలవాటు సున్నా కాలేదు. సున్నా అయింది కాగితం మీది లెక్క ఒక్కటే. నిజంగా జరిగినదానికి విరుద్ధమైన మాటని ఒక నియమం మనతో చెప్పిస్తుంటే, ఆ నియమం మనకి పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

చిన్న అలవాటు ఈ విషయంలో ఎందుకు గెలుస్తుందో గుడ్డ సంచి దగ్గర చూడొచ్చు. సంచి మర్చిపోయి వెళ్లినవాళ్లని గమనించండి, వాళ్ల దగ్గర సంచులు లేక కాదు. సామాన్లు తెచ్చి వంటింట్లో దించాక సంచి అక్కడే మడతపడి, గిన్నెల వెనక్కి వెళ్లిపోతుంది. మళ్లీ బయటికి వెళ్లేటప్పుడు అది కళ్లకి ఆనదు. కాబట్టి నేర్చుకోవాల్సింది సంచి తీసుకెళ్లడం కంటే ముందు, ఖాళీ చేసిన వెంటనే దాన్ని తీసుకొచ్చి తలుపు గడియకి తగిలించడం. ఆఖరి సామాను దించడం అనే పనికి ఈ పనిని కట్టేస్తే చాలు. ఒకసారి తప్పిందా, గడియ ఖాళీగా కనిపిస్తుంది, వెళ్లి తగిలిస్తాం. అక్కడ శిక్ష లేదు, మొదటి రోజుకి వెళ్లడం లేదు. తప్పుని ఎలా సరిదిద్దాలో ఆ ఖాళీ గడియే చెబుతుంది.

అయితే మనసు పెట్టి చేయాల్సిన అలవాట్ల దగ్గర ఒక చిక్కుంది. సంచి విషయంలో ఆలోచన లేకుండా జరిగిపోవడమే మనకి కావాలి. నిదానంగా తినడం, కుదురుగా కూర్చోవడం అలా కాదు. అవి యాంత్రికం అయ్యాయంటే ప్రయోజనమే పోయింది. కళ్లు మూసుకుని పది నిమిషాలు కూర్చుని మర్నాటి పనుల జాబితా వేసుకునేవాళ్లు ఎంతమందో. అందుకని ఇక్కడ అలవాటు కావాల్సింది మొదలుపెట్టడం మాత్రమే: ఫోన్‌ని పక్క గదిలో పెట్టడం, చాప పరచడం. ఆ తర్వాతి మొదటి అయిదు ముద్దలు, మొదటి కొన్ని ఊపిర్లు రోజూ కొత్తగా గమనించాల్సినవే. జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీలో మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ, అంటే చేస్తున్నదాన్ని మనసు పెట్టి గమనించే శిక్షణ, ఎనిమిది వారాలు సాగుతుంది. అందులో ఒక్క ఎండుద్రాక్షని చేతిలోకి తీసుకుని చూసి, తాకి, వాసన చూసి, నెమ్మదిగా నమిలే అభ్యాసం ఉంటుంది. దాన్ని టిక్కు పెట్టి ముందుకెళ్లే జాబితాలో ఇరికిస్తే మిగిలేది ఎండుద్రాక్ష తినడమే. అయిదారు అంశాల కఠిన ఛాలెంజ్‌లో ధ్యానం చివరి అంశంగా రాత్రి పదకొండింటికి ముగుస్తుంటే, దాన్ని తీసేయడమే నయం.

యాప్‌లలో వరుస రోజుల లెక్క గురించి కూడా అడుగుతున్నారు. మొదటి రెండు వారాలు గుర్తు చేయడానికి బాగుంటాయి, మధ్యలో తప్పిన రోజుని మన్నించే వీలున్నది ఎంచుకోండి. స్నేహితులతో గుంపుగా చేయడం హుషారునిస్తుంది, రోజూ ఫోటోలు పంపాలన్న షరతు మాత్రం వద్దు.

ఇక ఎవరికి ఏది? మద్యం, సిగరెట్ లాంటివి పూర్తిగా మానేయాలనుకునేవాళ్లకి రాజీ లేని నియమం పనికొస్తుంది, కొంచెం కొంచెం అనుకుంటే జారే విషయాలవి. అప్పుడు కూడా జారితే లెక్క చెరిపేయకుండా మర్నాడే కొనసాగించేలా రాసుకోవాలి. మద్యానికి బాగా అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా మానడం ప్రమాదం కావచ్చు కాబట్టి డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టాలి. ఇంటిల్లిపాదీ మారాల్సిన వృథా, ప్లాస్టిక్ లాంటివాటికి నెల రోజుల పద్ధతి మేలు, ఎందుకంటే ముందు ఇంటి లెక్క బయటపడాలి. మనసుకి సంబంధించినవాటికి, ఒక్కరే చేసుకునేవాటికి చిన్న అలవాటు.

నేను ఈసారి ఎంచుకున్నది రెండో, మూడో పద్ధతుల కలయిక. మొదటి నెల ఒకే విషయం, తిండి వృథా, ఏం పారేస్తున్నామో ఇంట్లో కాగితం మీద రాస్తున్నాం. నెల అయ్యాక ఆ జాబితాలో తరచూ కనిపించే ఒక్కదాన్ని తీసుకుని, గడువు లేకుండా, వంటకి ముందు ఫ్రిజ్ తెరిచి చూడటం అనే పనికి కట్టేస్తాం. కాగితం పైన ఒక వాక్యం ముందే రాసి పెట్టాం: ఒక రోజు రాయడం మర్చిపోతే ఆ గడి ఖాళీగా వదిలేసి, మర్నాటి తేదీ నుంచి రాయాలి.