టాట్రా 138, 148, 815: ఏది మేలు?

పాత టాట్రా లారీ కొనాలనుకునేవాళ్లు ముందుగా హార్స్‌పవర్ గురించి అడుగుతారు. దానికంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: బండి ఎక్కువగా లోడుతో తిరుగుతుందా, ఖాళీగా తిరుగుతుందా? ఈ లారీల కట్టడం తెలిస్తే ఆ ప్రశ్న ఎందుకో అర్థమవుతుంది.

చెక్ దేశంలోని కోప్రివ్నిత్సెలో తయారైన ఈ మూడింటికీ వెన్నెముక ఒకే తరహా. 1923లో టాట్రా 11 కారుకు హాన్స్ లెడ్వింకా పెట్టిన పద్ధతే లారీల్లోకీ వచ్చింది. నడిమధ్యన లావుపాటి ఉక్కు గొట్టం, దాని లోపల తిరిగే షాఫ్ట్, గొట్టానికి అటొకటి ఇటొకటి రెక్కల్లా ఊగే అర యాక్సిళ్లు. బాడీని మోయడానికి పైన ఫ్రేమ్ ఉన్నా, మెలిపడకుండా కాచేది గొట్టమే. 1942 నుంచి 1962 దాకా నడిచిన 111 మోడల్, 14.8 లీటర్ల వి12 ఇంజన్‌తో (వి ఆకారంలో పన్నెండు సిలిండర్లు), ఈ పద్ధతి బరువు పనికి నిలుస్తుందని రుజువు చేసింది.

ప్రతి అర యాక్సిల్‌కీ సొంత క్రౌన్ (పెద్ద పళ్లచక్రం), సొంత పినియన్ (దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం) ఉంటాయి. యాక్సిల్ పైకీ కిందికీ ఊగినప్పుడు క్రౌన్ తన పినియన్ మీద దొర్లుతుంది, అందుకే అక్కడ యూనివర్సల్ జాయింట్ల (వంగుతూ తిరిగే కీళ్ల) అవసరమే రాదు. పినియన్లు ఒకదాని వెనక ఒకటి ఉండడం వల్ల కుడి, ఎడమ చక్రాలు సరిగ్గా ఎదురెదురుగా ఉండవు, ఒకటి కాస్త ముందుంటుంది. టేపు పట్టి కొలిచి, ఇది ప్రమాదంలో వంగిన బండి అని వదిలేసుకోకండి.

ఇక లోడు సంగతి. ఖాళీ బండిలో గొట్టం పైకి లేచి యాక్సిళ్లు కిందికి వాలతాయి. చక్రాల అడుగు భాగాలు లోపలికి జరుగుతాయి, టైరు బయటి అంచు మీద నిలబడుతుంది. లోడు పడ్డాక చక్రం నిటారుగా వచ్చి టైరు మొత్తం నేలను పట్టుకుంటుంది. అందుకే ఎప్పుడూ ఖాళీగా తిరిగే టాట్రాకు వెనక టైర్ల బయటి అంచులే ముందు అరుగుతాయి. అంతకంటే ముఖ్యం, ఖాళీ బండిని మలుపులో వేగంగా తోలితే లోపలికి వాలిన చక్రం ఇంకా వాలి బండిని పైకెత్తుతుంది. ప్రదర్శనలకు తిప్పడానికే కొంటుంటే తొట్టిలో కొంత బరువు వేసి ఉంచడం మంచిది.

138 తయారీ 1959లో మొదలైంది. ముందుకు పొడుచుకొచ్చిన బానెట్, 11.8 లీటర్ల గాలితో చల్లబడే వి8, 180 హెచ్‌పి. 1972లో దాని స్థానంలోకి 148 వచ్చింది. రూపం దాదాపు అదే, ఇంజన్ 12.7 లీటర్లు, 212 హెచ్‌పి. బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) రెండింట్లోనూ 120 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) మాత్రం 130 నుంచి 140 మి.మీ.కి పెరిగింది. బోర్ ఒకటే కదా అని ఒకదాని సిలిండర్లు ఇంకోదానికి బిగిద్దామనుకుంటే కుదరదు. 138 కొనేటప్పుడు లోపల ఉన్నది దాని ఇంజనేనా, తర్వాత పెట్టిన 148దా అన్నది ఇంజన్ ప్లేటు చూసి తేల్చుకోండి, లేకపోతే స్పేర్లు తప్పుగా వస్తాయి. పేరు చివరి అక్షరాలు కూడా చూడాలి: ఎస్1 అంటే ఒకవైపే ఒలికే టిప్పర్, ఎస్3 అంటే మూడు వైపులా ఒలికేది. ఎస్3 తొట్టికి తలుపులు, కీళ్లు ఎక్కువ, కాబట్టి తుప్పు వెతకాల్సిన చోట్లు కూడా ఎక్కువే.

ఈ రెండింట్లో నేనైతే సందేహం లేకుండా 148 అంటాను. 1982 దాకా లక్షకు పైగా తయారయ్యాయి, అందుకే సామాన్లు 138 కంటే తేలిగ్గా దొరుకుతాయి. అదనంగా వచ్చిన 32 హెచ్‌పి ఎత్తుల మీద బాగా తెలుస్తుంది. 138 అందం వేరే సంగతి. అందం కోసమే కొనేవాళ్లను ఆపాలనిపించదు, కానీ పని చేయించాలంటే 148.

ఏది కొన్నా ఇంజన్ పరీక్ష ఒకటే. సిలిండర్లు, హెడ్లు దేనికది విడివిడిగా ఉంటాయి కాబట్టి ఒక్కటి పాడైతే ఆ ఒక్కదాన్నే విప్పొచ్చు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి, ఒకటి రెండు నిమిషాల్లో ప్రతి సిలిండర్ ఎగ్జాస్ట్ గొట్టం వేడిని ఉష్ణమాపకంతో కొలవండి. ఒకటి చల్లగా ఉంటే ఇంజెక్టరో కంప్రెషనో పోయినట్టు. తర్వాత టార్చి వేసి సిలిండర్ల రెక్కల మధ్య చూడండి. పుష్‌రాడ్ (వాల్వులను తెరిచే కడ్డీ) గొట్టాల సీళ్ల నుంచి కారిన ఆయిల్, దాని మీద పేరుకున్న దుమ్ము కలిసి గట్టి పేస్టులా మూసేస్తాయి. అక్కడ గాలి ఆడక ఆ సిలిండర్ ఒక్కటే మితిమీరి వేడెక్కుతుంది. రేడియేటర్ లేదని నిశ్చింతగా ఉండేవాళ్లు ఇక్కడే నష్టపోతారు. గాలితో పాటు ఆయిల్ కూడా వేడిని మోస్తుంది, అందుకే ఆయిల్ కూలర్ రెక్కలూ అంతే శుభ్రంగా ఉండాలి.

క్రాంక్‌షాఫ్ట్ ముక్కలుగా చేసి బోల్టులతో కలిపినది, రోలర్ బేరింగుల మీద సొరంగం లాంటి కేసులో తిరుగుతుంది. మామూలు ఇంజన్‌లా కింద ఆయిల్ పాన్ విప్పి మెయిన్ బేరింగు చెక్కలు మార్చడం ఇక్కడ ఉండదు. అడుగున గురగురమనే శబ్దం వినిపిస్తే ఇంజన్ మొత్తం దించాల్సిందే. ధర ఎంత తగ్గించినా ఆ బండి జోలికి పోవద్దు.

1983లో వచ్చిన 815 వేరే దారి పట్టింది. బానెట్ పోయి క్యాబిన్ ఇంజన్ మీదికి వచ్చింది. వి8, 15.8 లీటర్ల వి10, 19 లీటర్ల వి12 అమర్చారు. గొట్టానికి భాగాలు కలుపుతూ పోతే 4×4, 6×6, 8×8 (మొత్తం చక్రాలు × ఇంజన్ తిప్పే చక్రాలు) అన్నీ ఒకే సామాన్లతో తయారవుతాయి. మన సైన్యం కోసం ప్రభుత్వ సంస్థ బీఈఎంఎల్ 1986 నుంచి కట్టిన లారీలు ఈ వంశానివే, పినాక రాకెట్ లాంచర్ ఎక్కింది 8×8 మీద. డాకర్ ర్యాలీలో కారెల్ లోప్రైస్ 1988 నుంచి 2001 మధ్య ఆరుసార్లు లారీల విభాగంలో గెలిచింది కూడా 815తోనే.

రోజూ లోడు లాగాలంటే 815 వి10 సరిపోతుంది. సుమారు 280 హెచ్‌పి, 6×6 టిప్పర్‌కు నిండుగా చాలు. వి12 మోజుతో కొంటే ఇంకో రెండు హెడ్లు, రెండు ఇంజెక్టర్లు, వాటి సీళ్లు అన్నీ మీ పనిలో చేరతాయి. 815లో ఫ్యాన్ హైడ్రాలిక్ కప్లింగ్ (ఆయిల్‌తో పనిచేసే జోడింపు) ద్వారా తిరుగుతుంది. ఇంజన్ వేడెక్కినా ఫ్యాన్ హోరు పెరగకపోతే ముందు ఆ కప్లింగ్‌కు ఆయిల్ అందుతోందో లేదో చూడండి. టర్బో ఉన్న బండిని ఎత్తు ఎక్కిన వెంటనే ఆపకండి, కొన్ని నిమిషాలు ఐడిల్‌లో వదిలేయాలి.

ఒక్కరే పని చేసుకునేవాళ్లకు మాత్రం నా ఓటు మళ్లీ 148కే. బానెట్ లేపగానే హెడ్లు చేతికి అందుతాయి. 815లో వాల్వుల క్లియరెన్స్ చూడాలన్నా పంపు కొట్టి క్యాబిన్ వాల్చాలి, ముందు లోపల వదులుగా ఉన్న సామాను తీసేయాలి, అది పూర్తిగా వాలి లాక్ పడిందని చూశాకే తల కిందికి పెట్టాలి.