ఇద్దరికి సెల్ఫ్ డ్రైవ్ కారు, కోనసీమ ఆటస్థలాల చుట్టూ రెండు రోజులు: గిట్టుబాటేనా?

ముందే తేల్చి చెప్పేస్తే: రాజమండ్రిలో కారు తీసుకుని రావులపాలెం, అమలాపురం, యానాం మీదుగా కాకినాడ వెళ్లి తిరిగి రావడానికి ఇది మంచి బేరమే. అయితే కారు చిన్నది కావాలి, కాకినాడ రోజు ఆదివారం కాకూడదు. రెండిట్లో ఏది తప్పినా సగం డబ్బు దండగ.

ఈ సర్వీసు పేరు రాయడం లేదు. పదీ పదిహేను బండ్లు తిప్పే రకం. ఇలాంటివి రాజమండ్రిలో ఇంకా ఉన్నాయి, లోటుపాట్లూ కాస్త అటూఇటుగా ఒకటే. చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి 24 గంటలకు రూ.2,200, రోజుకు 300 కి.మీ. పరిమితి, రూ.5,000 డిపాజిట్, పెట్రోలు మనది. ఊళ్లలో తిరుగుడు కలుపుకున్నా మొత్తం 230 కి.మీ. దాటదు కాబట్టి పరిమితి బెంగ లేదు. గట్టు రోడ్ల మీద ఏసీ వేసుకుని తోలితే లీటరుకు 17, 18 ఇస్తుంది, అంటే 13 లీటర్లు చాలు. డ్రైవరుతో ట్యాక్సీ మాట్లాడుకుంటే బత్తా, వెయిటింగ్ కలిసి ఎక్కడికో పోతుంది. పైగా తెల్లవారుజామున అయిదున్నరకి గ్రౌండు దగ్గర ఉండాలంటే ఏ డ్రైవరూ మొహం ప్రసన్నంగా పెట్టడు. ఈ ప్రయాణానికి ఆ వేళే ప్రాణం, ఎందుకో కింద చెబుతాను.

బండి చూడగానే మొదట నంబరు ప్లేటు చూడండి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటేనే అది సెల్ఫ్ డ్రైవ్‌కి అద్దెకిచ్చే హక్కున్న బండి. తెల్ల ప్లేటు కారుని "మనోళ్లదే, ఎవరైనా అడిగితే చుట్టాలని చెప్పండి" అని చేతిలో పెడితే తీసుకోవద్దు. అద్దెకు తిప్పుతున్న సొంత బండికి ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు క్లెయిము తిప్పికొడతారు, ఆ భారం మీ నెత్తిన పడుతుంది. ఈ సర్వీసు నల్ల ప్లేటే ఇచ్చింది, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు డ్యాష్‌బోర్డు అరలో ఉన్నాయి. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి ఒప్పందంలో ఆ ఊరు కూడా రాయించుకోండి. అక్కడ చవగ్గా దొరికే సీసాలు డిక్కీలో పడేసుకుని రావాలని మాత్రం అనుకోకండి. దారిలో పట్టుకుంటే బండి స్టేషన్లో ఉంటుంది, అద్దె మీటరు నడుస్తూ ఉంటుంది.

బండి అప్పగించేటప్పుడు వాళ్లు గీతల ఫోటోలు తీస్తారు. అవి వాళ్ల కోసం. మీ కోసం మీరు విడిగా వీడియో తియ్యండి: నాలుగు వైపులా, ముందు బంపరు కింది అంచు, నాలుగు చక్రాల రిమ్ములు, కిలోమీటర్ల రీడింగు, పెట్రోలు ముల్లు. బంపరు కింద వంగి చూడటం మరవద్దు, పల్లెటూరి స్పీడ్ బ్రేకర్లు గీరేది అక్కడే. టైర్లలో గాలి కొలిపించండి. ఇద్దరికి, ఓ రెండు బ్యాగులకి 32, 33 పీఎస్‌ఐ సరిపోతుంది. ఈ బండికి వెనక టైర్లు 40 దాకా కొట్టి ఉన్నాయి. అలా ఉంటే గతుకుల్లో బండి ఎగిరెగిరి పడుతుంది, తడి గట్టు మీద పట్టు చాలదు. స్టెప్నీ, జాకీ ఉన్నాయి గానీ వీల్ పానా లేదు. పానా లేని స్టెప్నీ డిక్కీలో ఉత్త బరువు. అడిగాక పక్క బండిలోంచి తీసి ఇచ్చారు. వైపర్ నీళ్ల డబ్బా కూడా ఖాళీయే. వరి చేల మధ్య సందెవేళ తోలితే అద్దం నిండా పురుగులు. నీళ్లు లేకుండా వైపర్ వేస్తే అవి నలిగి అద్దమంతా పాముకుని ఎదుటి బండి లైట్లు తప్ప ఇంకేమీ కనిపించదు.

రాజమండ్రి నుంచి రావులపాలేనికి హైవే ఉంది, కానీ అటు వెళ్తే డెల్టా చూసినట్టు కాదు. ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కండి. కాటన్ దొర కట్టిన ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది, ఇప్పుడు బండ్లు నడిచేది దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ మీద. కాటన్ మ్యూజియం ఇటు ఒడ్డునే ఉంది. పిచ్చుకలంక దాటి బొబ్బర్లంక దగ్గర కాలవ గట్టుకి తిరిగితే ఆత్రేయపురం, లొల్ల లాకులు, ఆపైన రావులపాలెం. ఇక్కడే చిన్న కారు విలువ తెలిసేది. గట్టు మీద ఒక బండి హాయిగా పోతుంది, రెండు బండ్లు తప్పుకోవాలంటే ఒకటి అంచుకి దిగాలి. కొబ్బరికాయల లారీ ఎదురొస్తే అది దిగదు, మీరే దిగాలి. వానలు పడ్డాక అంచు మట్టి మెత్తబడుతుంది. కాలవ వైపు చక్రం దింపకండి, ఊరి వైపు వెడల్పు చూసుకుని ముందుగానే ఆగండి. పెద్ద ఎస్‌యూవీ తెచ్చుకున్న జంటలు ఇక్కడ రివర్సు గేరులోనే డెల్టా చూస్తారు.

సార్వా (మొదటి పంట వరి) కోతలప్పుడు, అంటే నవంబరు, డిసెంబరుల్లో, మళ్లీ దాళ్వాకి (రెండో పంటకి) ఏప్రిల్‌లో, సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. రాశి అంచున బండ్లు ఎక్కకుండా రాళ్లు పెడతారు. రాత్రిపూట ఆ రాయి టైరుకి పక్కనుంచి తగిలితే సైడ్‌వాల్ ఉబ్బుతుంది, ఇక దానికి పంక్చరు వేయించడం కుదరదు, టైరు మార్చాల్సిందే. గడ్డి మీదుగా తోలాల్సి వస్తే ఆ తర్వాత ఆగి కింద చూడండి, సైలెన్సరు వేడికి ఎండుగడ్డి అంటుకుంటుంది. వేసవిలో కాలవలు కట్టేశాక వెళ్తే గట్టు పక్కన బురద తప్ప ఏమీ లేదు. నిండు కాలవ కావాలంటే జూలై తర్వాతే.

ఆత్రేయపురం కాలవలో ఈమధ్య సంక్రాంతికి డ్రాగన్ పడవల పోటీలు పెడుతున్నారు. మిగతా రోజుల్లో అక్కడ పూతరేకులే. బెల్లానివైనా పంచదారవైనా ఏసీ తగిలే చోట ఉంచండి. డిక్కీలో పెడితే మధ్యాహ్నానికి నెయ్యి కారి రేకు నీరుగారిపోతుంది. ఆ నెయ్యి మరక సీటుకి అంటితే క్లీనింగ్ ఛార్జీ అని డిపాజిట్లో కోస్తారు.

ఇక ఆటల సంగతి. కోనసీమలో ఒక విచిత్రం: 35 కి.మీ. లోపు దూరంలో ఇద్దరు ప్రపంచ స్థాయి బ్యాడ్మింటన్ ఆటగాళ్లు పుట్టారు. కిదాంబి శ్రీకాంత్ 1993లో రావులపాలెంలో పుట్టాడు. కుటుంబం గుంటూరుది, ఆట పదునెక్కింది హైదరాబాద్ గోపీచంద్ అకాడమీలో. 2017లో నాలుగు సూపర్ సిరీస్ (అప్పటి పెద్ద అంతర్జాతీయ టోర్నీలు) టైటిళ్లు, 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్. సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డిది అమలాపురం, పుట్టింది 2000లో. చిరాగ్ శెట్టితో కలిసి 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్ స్వర్ణం, అదే ఏడాది డబుల్స్‌లో నంబర్ వన్. గంటకు 565 కి.మీ. స్మాష్‌తో గిన్నిస్ రికార్డు కూడా ఆ ఏడాదిదే. అది మ్యాచ్‌లో కొట్టింది కాదు, జపాన్‌లో యోనెక్స్ ఫ్యాక్టరీలో కొలత కోసం కొట్టింది. అంతకు ముందు రికార్డు 493.

ఇంత చదివి మ్యూజియం, విగ్రహం అనుకుంటూ వెళ్తే రావులపాలెంలో అరటి గెలల మార్కెట్ చూసి రావాలి. ఆటగాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ వెళ్లి గుమ్మం ముందు సెల్ఫీలు తీసుకోవడం పద్ధతి కాదు. ఈ గడ్డ ఆటని చూడాలంటే ఉదయం అయిదున్నర, ఎనిమిది మధ్య గ్రౌండులో ఉండాలి. ఆ టైములో అమలాపురంలో, లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి పేరున్న స్టేడియం దగ్గర ఓ గంట గడిపితే చాలు. తొమ్మిది తర్వాత వెళ్తే ఖాళీ నేల.

ఇద్దరూ ఆడాలనుకుంటే గంటకింత అని ఇచ్చే ఇండోర్ కోర్టు వెతుక్కోండి. రెండు సంగతులు. ఒకటి, నాన్ మార్కింగ్ షూ (నేల మీద మరక పడని అడుగున్నవి) లేకుండా లోపలికి రానివ్వరు, నడక బూట్లు పనికిరావు. రెండు, ఈక షటిల్ కొనేటప్పుడు స్పీడు నంబరు చూడండి, నంబరు పెరిగేకొద్దీ షటిల్ వేగం ఎక్కువ. వేడికి గాలి పలచబడి షటిల్ ఎక్కువ దూరం పోతుంది కాబట్టి ఇక్కడ 76 అడగాలి, 78 చలి ప్రాంతాలకి. సరైనదో కాదో తెలియాలంటే వెనక గీత మీద నిలబడి కింది నుంచి గట్టిగా పైకి కొట్టండి. అవతలి వెనక గీతకి 53 నుంచి 99 సెం.మీ. ముందు పడాలి. గీత దాటిపోతోందంటే అది ఈ వాతావరణానికి వేగం ఎక్కువ. ఆడవాళ్లకి బట్టలు మార్చుకునే గది ఉందో లేదో ఫోన్లోనే అడగండి. కాస్త పక్కకి తిరిగితే అంబాజీపేట, పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఉడికించే పొట్టిక్కలు పొద్దున్నే తినాలి, పది దాటితే దొరక్కపోవచ్చు.

అమలాపురం నుంచి ముమ్మిడివరం, ఎదుర్లంక, బాలయోగి పేరు పెట్టిన వంతెన మీదుగా గోదావరి పాయ గౌతమి దాటితే యానాం. వంతెన మీద ఆపకండి, ఫోటోలకి అవతలి గట్టున చోటుంది. అక్కడినుంచి తాళ్లరేవు, కోరంగి మీదుగా కాకినాడ ముప్పై కి.మీ. పైచిలుకు, రోడ్డు వెడల్పే.

కాకినాడకి వర్కింగ్ డే కావాలన్నది కాలేజీ కోసం. జేఎన్‌టీయూ కాకినాడ 1946లో విశాఖపట్నం ఇంజినీరింగ్ కాలేజీ పేరుతో మొదలై కాకినాడలో స్థిరపడింది. 1972లో జేఎన్‌టీయూలో కలిసింది, 2008లో సొంత యూనివర్సిటీ అయింది. నాగమల్లితోట జంక్షన్ దగ్గర గేటు. కారు బయటే పెట్టి, ఆధార్ చూపించి, రిజిస్టర్లో రాసి నడిచి వెళ్లడానికి సిద్ధపడండి. పరీక్షల రోజుల్లో బయటివాళ్లని పంపరు, వాదించి లాభం లేదు. పాత వాసన కావాలంటే పీఆర్ (పిఠాపురం రాజా) కాలేజీ. 1884 నుంచి కాలేజీ, సంఘసంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన చోటు. ఒక్క క్యాంపస్‌కే టైముంటే నా ఓటు దీనికే.

క్యాంపస్‌ల తర్వాత మళ్లీ ఆటలకి వస్తే, 2023లో సీనియర్ మహిళల జాతీయ హాకీ పోటీలు జరిగింది కాకినాడలోనే. హాకీ మైదానం 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు. సింథటిక్ టర్ఫ్ మీద ఆటకి ముందు నీళ్లు కొట్టడం బంతి సాఫీగా జారడానికి, పడినా మోకాళ్లు కాలకుండా ఉండటానికి. మడమ చెప్పులతో దాని మీదకి ఎక్కకండి, గట్టు మీంచే చూడండి.

తిరుగు ప్రయాణం సామర్లకోట, ఏడీబీ రోడ్డు మీదుగా పెట్టుకోండి. కెనాల్ రోడ్డు మ్యాప్‌లో ఊరిస్తుంది గానీ చీకట్లో దాని గుంతలు కనిపించవు. ఈ నల్ల ప్లేటు బండికి 80 దగ్గర స్పీడ్ గవర్నర్ ఉంది. పెడల్ ఎంత తొక్కినా ముక్కుతుందే తప్ప కదలదు. లారీని సగం దాటాక ఆ సంగతి తెలిస్తే ప్రమాదం, కాబట్టి ఖాళీ రోడ్డు మీద ఒకసారి ముందే పరీక్షించుకోండి.

ఈ సర్వీసు మీద అసలు ఫిర్యాదు చివర్లో. బండి ఇచ్చినప్పుడు పెట్రోలు రెండు గీతలుంటే మూడు గీతలతో తిరిగిచ్చినా, ఎక్కువైన దానికి పైసా ఇవ్వరు. అందుకే కాకినాడలో ట్యాంకు నింపకండి, రూ.500 కొట్టిస్తే ఇల్లు చేరతారు. డిపాజిట్ 24 గంటల్లో అన్నారు, ఆరో రోజు వచ్చింది, అదీ బంపరు గీత గురించి రెండు ఫోన్ల తర్వాత. మొదటిరోజు తీసిన వీడియో వాట్సాప్‌లో పంపాకే గీత సంగతి ఎత్తడం మానేశారు.